కార్కసోన్ ఎలా ఆడాలి: ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే టైల్స్ ఆట

ఏడెనిమిదేళ్ల పిల్లల దగ్గర్నుంచి డెబ్బై ఏళ్ల అమ్మమ్మ దాకా అందరూ ఒకేసారి కూర్చుని ఆడగలగాలి, పిల్లల కోసం పెద్దవాళ్లు కావాలని ఓడిపోవాల్సిన పని ఉండకూడదు, గంట దాటకుండా అయిపోవాలి. ఇలాంటి ఆట చెప్పమని ఎవరడిగినా నేను ముందు చెప్పే పేరు కార్కసోన్. డబ్బా కొని, తెరిచి, లోపలున్న రూల్స్ పుస్తకం చూసి "ఇదంతా ఇప్పుడెవరు చదువుతారు" అని అటక మీద పెట్టేసిన వాళ్లు చాలామంది ఉంటారు, ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ఆ పుస్తకంలో ఉన్నదంతా నోటితో చెబితే పది నిమిషాల పని. టైల్స్ మీద ఒక్క అక్షరం కూడా ఉండదు, అన్నీ బొమ్మలే, కాబట్టి ఇంగ్లీషు చదవడం రానివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా మొత్తం ఆట ఆడేయొచ్చు. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే బయట దొరికే చాలా బోర్డు గేముల్లో కార్డుల నిండా ఇంగ్లీషు ఉంటుంది, దాంతో నానమ్మ, తాతయ్య పక్కన కూర్చుని చూడటమే అవుతుంది.

కార్కసోన్ అనేది దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక ఊరు. రెండు వరసల ప్రాకారాలు, 52 బురుజులు ఉన్న పెద్ద కోట అక్కడుంది, 1997లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ కోటల్ని, చుట్టూ ఉన్న పొలాల్ని, రోడ్లని పట్టుకుని క్లాస్ యూర్గెన్ వ్రెడె అనే జర్మన్ డిజైనర్ ఈ ఆట తయారుచేశారు. 2000లో హన్స్ ఇమ్ గ్లూక్ అనే కంపెనీ వేసింది, మరుసటి ఏడాదే జర్మనీలో 'స్పీల్ డెస్ యారెస్', అంటే ఆ ఏటి మేటి ఆట అవార్డు వచ్చింది. ఇన్నేళ్లయినా ఇంకా కొత్తవాళ్లకు ముందుగా నేర్పే ఆటల్లో ఇదొకటిగానే ఉంది.

రూల్స్‌లోకి వెళ్లేముందు ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చూడ్డానికి ఇది టైల్స్ పేర్చే ఆటలా ఉంటుంది కానీ, గెలుపు ఓటములు తేలేది టైల్స్ దగ్గర కాదు, మీ చేతిలో ఉన్న ఏడుగురు చెక్క మనుషుల దగ్గర. వాళ్లను ఎక్కడ పెట్టాం, ఎంత త్వరగా వెనక్కి రప్పించుకున్నాం, ఎవరిని ఎక్కడ ఇరికించుకున్నాం అనేదే ఆట.

డబ్బాలో ఏముంది, ఎక్కడ పరవాలి

72 టైల్స్ ఉంటాయి, ఒక్కోటి నాలుగున్నర సెంటీమీటర్ల చదరం, మందపాటి అట్ట, దాని మీద రోడ్డు, కోట, పొలం, మఠం లాంటి బొమ్మల ముక్కలుంటాయి. అందులో ఒకదాని వెనకవైపు రంగు మిగతావాటికంటే వేరుగా ఉంటుంది, అది మొదలుపెట్టే టైల్. ఐదు రంగుల్లో, రంగుకు ఎనిమిది మంది చొప్పున చిన్న చెక్క మనుషులుంటారు (ఆడేవాళ్లు వీటిని మీపుల్స్ అంటారు). ఎనిమిదో మనిషి పాయింట్ల బోర్డు మీద సున్నా దగ్గర నిలబడతాడు, మిగిలిన ఏడుగురే మీకు. కొత్త డబ్బాల్లో నది టైల్స్, అబాట్ అనే ఇంకో రకం మనిషి కూడా వస్తారు, మొదటిసారి వాటిని తీసి పక్కన పెట్టేయండి.

చిన్న టీపాయ్ మీద మాత్రం ఆడొద్దు. ఆట ఏ పక్కకు పాకుతుందో ముందు తెలియదు, సగం ఆటయ్యాక టైల్స్ అంచుకు వచ్చేస్తే మొత్తం జరపాల్సి వస్తుంది, జరిపితే మనుషులు పడిపోతారు, ఎవరు ఎక్కడున్నారో అని గొడవ మొదలవుతుంది. నేల మీద జంపఖానా పరుచుకుని చుట్టూ కూర్చోవడం అన్నిటికంటే సుఖం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే డైనింగ్ టేబుల్ ఖాళీ చేయండి, మొదటి టైల్‌ను సరిగ్గా మధ్యలో పెట్టండి. మిగతా 71 టైల్స్‌ను బాగా కలిపి, బోర్లించి నాలుగైదు దొంతర్లుగా అందరికీ అందేలా పెట్టినా సరే, ఒక గుడ్డ సంచిలో వేసి తలా ఒకటి తీసుకున్నా సరే. పిల్లలకు సంచీయే ఇష్టం, చెయ్యి పెట్టి తీసేటప్పుడు ఏమొస్తుందో అనే ఆత్రం వాళ్ల ముఖంలో కనిపిస్తుంది.

ఒక వంతులో చేసేది

టైల్ తియ్యి, పెట్టు, మనిషిని నిలబెట్టు, పూర్తయినదానికి పాయింట్లు తీసుకో. ఇంతే, ఈ వరసలోనే.

తీసిన టైల్‌ను అందరికీ చూపించి, అప్పటికే ఉన్న టైల్స్‌లో ఏదో ఒకదాని పక్కన అంచుకు అంచు ఆనేలా పెట్టాలి. రోడ్డు పక్కన రోడ్డే రావాలి, కోట పక్కన కోట, పొలం పక్కన పొలం. ఒకేసారి రెండు మూడు టైల్స్‌కు తగులుతుంటే అన్ని అంచులూ కుదరాలి. టైల్‌ను ఎటు తిప్పైనా పెట్టుకోవచ్చు, పిల్లలు ఈ సంగతి తరచూ మర్చిపోతారు, "తిప్పి చూడు నాన్నా" అని ఒకటికి రెండుసార్లు గుర్తుచేయండి. ఎక్కడా పట్టని టైల్ వస్తే, చాలా అరుదుగా వస్తుంది, దాన్ని ఆటలోంచి తీసేసి ఇంకోటి తీసుకోవాలి.

తర్వాత మనిషి. పెట్టాలని బలవంతమేం లేదు, పెడితే మాత్రం ఇప్పుడు వేసిన టైల్ మీదే పెట్టాలి, పాత టైల్స్ మీద కుదరదు. రోడ్డు మీద పెడితే దొంగ, కోటలో పెడితే సైనికుడు, మఠంలో పెడితే సన్యాసి, పొలంలో పడుకోబెడితే రైతు. ఆ రోడ్డులోనో కోటలోనో, ఎంత దూరంలో ఉన్నా సరే, అప్పటికే ఎవరి మనిషైనా ఉంటే మీరు కొత్తగా అక్కడ పెట్టకూడదు. మీ మనిషే ఉన్నా అంతే.

చివరగా పాయింట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మనిషిని పెట్టడం ముందు, పాయింట్లు తీసుకుని మనిషిని వెనక్కి తెచ్చుకోవడం తర్వాత. కాబట్టి చేతిలో ఒక్కరూ లేనప్పుడు మీరు కోట పూర్తిచేస్తే, అక్కడి మనిషి చేతికొస్తాడు కానీ ఆ వంతులో అతన్ని వాడుకోలేరు. అదే చేతిలో ఒకరున్నారనుకోండి, అప్పుడే వేసిన టైల్‌తో పూర్తయ్యే ఖాళీ కోటలో అతన్ని నిలబెట్టి, పాయింట్లు తీసుకుని, అదే వంతులో తిరిగి జేబులో వేసుకోవచ్చు.

మొదటి మూడు వంతులు ఎలా ఉంటాయో చూద్దాం. మొదలుపెట్టే టైల్‌లో పై అంచున కోట ముక్క, మధ్యలో ఎడమ నుంచి కుడికి రోడ్డు, కింద పొలం. మీకు మలుపు తిరిగిన రోడ్డు టైల్ వచ్చింది, దాన్ని కుడిపక్కన పెట్టి రోడ్డును కిందికి తిప్పారు, మీ దొంగను దాని మీద నిలబెట్టారు. తర్వాత అక్కకు ఒక పక్కనే కోట ఉన్న టైల్ వచ్చింది, దాన్ని మొదటి టైల్‌కు పైన తలకిందులుగా పెట్టింది, కోటకు మూత పడింది. సైనికుణ్ని పెట్టి రెండు టైల్స్‌కు 4 పాయింట్లు తీసుకుని సైనికుణ్ని వెనక్కి తెచ్చుకుంది. (పాత రూల్స్ పుస్తకాల్లో ఇలాంటి రెండు టైల్స్ బుల్లి కోటకు 2 పాయింట్లే, ఇప్పటి పుస్తకాల్లో 4.) తర్వాత తాతయ్యకు చుట్టూ గడ్డి ఉన్న మఠం వచ్చింది, దాన్ని మొదటి టైల్‌కు సరిగ్గా కింద పెట్టి సన్యాసిని నిలబెట్టారు. ఇప్పుడు గమనించండి. కిందికి దిగుతున్న మీ రోడ్డు మఠం కుడిపక్క గడి మీదుగానే వెళ్తుంది. మీ రోడ్డుకు మీరు కలిపే తర్వాతి టైల్ తాతయ్య మఠానికి కూడా ఒక పాయింట్ తెచ్చిపెడుతుంది, ఇంకోటి నిలువుగా కిందికి కలిపితే ఇంకో పాయింట్. అదే మొదట్లో రోడ్డును పైకి తిప్పి ఉంటే ఈ సాయం ఉండేది కాదు. ఒక్క టైల్ తిప్పడంలో ఇంత తేడా వస్తుంది, ఆటలోని రుచంతా ఇక్కడే మొదలవుతుంది.

దేనికి ఎన్ని పాయింట్లు

రోడ్డుకు రెండు చివరలూ ఎక్కడో ఒకచోట ఆగిపోతే, అంటే కూడలి, కోట గోడ, మఠం ఇలా ఏదో ఒకటి తగిలితే, రోడ్డు పూర్తయినట్టు. టైల్‌కు 1 పాయింట్. గుండ్రంగా తిరిగి తనలో తానే కలిసిపోయిన రోడ్డు కూడా పూర్తయినట్టే.

కోట గోడ ఎక్కడా ఖాళీ లేకుండా మూసుకుంటే టైల్‌కు 2, డాలు గుర్తు ఉన్న ప్రతి టైల్‌కు ఇంకో 2. నాలుగు టైల్స్ కోటలో ఒక డాలు ఉంటే 10 పాయింట్లు. ఆట అయిపోయేసరికి అది మూసుకోకపోతే సగమే, టైల్‌కు 1, డాలుకు 1, అంటే అదే కోటకు 5. మొత్తం టైల్స్‌లో డాళ్లు పదే ఉంటాయి.

మఠం చుట్టూ ఎనిమిది గడులూ నిండితే 9 పాయింట్లు, చివరిదాకా నిండకపోతే మఠానికి ఒకటి, నిండిన ఒక్కో గడికి ఒకటి. మఠాలు ఆరే, అందులో రెండింటికి రోడ్డు ఉంటుంది. పక్కపక్కనే రెండు మఠాలు పడితే ఒకే టైల్ రెండింటికీ పనికొస్తుంది, అది దొరికినరోజు పండగే.

ఒకే కోటలో లేదా రోడ్డులో ఇద్దరి మనుషులుంటే ఎవరివాళ్లు ఎక్కువమందుంటే మొత్తం పాయింట్లు వాళ్లకే, రెండోవాళ్లకు సున్నా. సమానంగా ఉంటే ఇద్దరికీ పూర్తి పాయింట్లు, పంచుకోవడం ఉండదు. "కొత్త మనిషిని పెట్టకూడదన్నావు కదా, మరి ఇద్దరెలా వస్తారు" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దానికి కింద విడిగా చెప్తాను.

ఏడుగురు మనుషులు

మొదటిసారి ఆడేవాళ్లు టైల్ వేసిన ప్రతిసారీ మనిషిని పెట్టేస్తారు. ఏడు వంతులు గడిచేసరికి చెయ్యి ఖాళీ. సరిగ్గా అప్పుడే మఠం వస్తుంది, పెట్టడానికి సన్యాసి ఉండడు. కాబట్టి చేతిలో ఎప్పుడూ కనీసం ఒకరైనా ఉండేలా చూసుకోండి, ఇద్దరుంటే ఇంకా మంచిది. నలుగురు ఆడితే 71 టైల్స్‌లో తలా 17, 18 వస్తాయి. అంటే ఏడుగురు మనుషులతో పద్దెనిమిది వంతులు గడపాలి, ఒక్కొక్కరు రెండు మూడుసార్లు వెళ్లి రావాలి. వెళ్లినవాడు రాకుండా కూర్చుంటే ఆ మేరకు నష్టమే.

ఈ లెక్కతో చూస్తే మూడు టైల్స్ చిన్న రోడ్డు కూడా మంచిదే. వచ్చేది 3 పాయింట్లే కానీ మనిషి వెంటనే తిరిగొస్తాడు. దానికి ఎదురుగా పది టైల్స్ మహా కోట పెట్టుకుంటే, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, పూర్తయితే 20 పైనే, కానీ దాన్ని పూర్తికానివ్వకూడదని మిగతా ముగ్గురూ ఒక్కటైపోతారు. నా అనుభవంలో నాలుగైదు టైల్స్ కోటలు రెండు మూడు కట్టినవాళ్లే ఎక్కువగా గెలుస్తారు. పెద్ద కోట కట్టాలని మనసుంటే ఇంకొకర్ని కూడా అందులోకి రానివ్వండి, ఇద్దరికీ పూర్తి పాయింట్లు వస్తాయి కాబట్టి ఇద్దరూ కలిసి పూర్తిచేస్తారు, మిగతావాళ్లు అడ్డుకోవడం కష్టమవుతుంది. మఠాన్ని ఎప్పుడూ దూరంగా అంచున పెట్టకండి. అప్పటికే నాలుగైదు టైల్స్ చుట్టూ ఉన్న సందులో పెడితే సగం పని అయిపోయినట్టే.

ఆట చివరికొచ్చాక ఈ జాగ్రత్త అక్కర్లేదు. దొంతరలో పదీ పన్నెండు టైల్స్ మిగిలాయంటే ఇక చేతిలో మనుషుల్ని దాచుకుని లాభం లేదు. పూర్తికాని రోడ్డు మీదైనా, సగం కోటలోనైనా పెట్టేయండి, ఒకటి రెండు పాయింట్లైనా వస్తాయి.

పక్కవాళ్ల కోటలోకి వెళ్లడం

ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. అక్క కోట కుడివైపు తెరుచుకుని ఉంది, దాని పక్కన ఖాళీ గడి. మీరు నేరుగా ఆ గడిలో టైల్ పెడితే అది అక్క కోటే అవుతుంది, మీ మనిషిని పెట్టలేరు. కానీ ఆ ఖాళీ గడికి కింద ఉన్న గడిలో, కోట ముక్క పైకి చూసేలా ఒక టైల్ పెట్టండి. మధ్యలో గడి ఖాళీగా ఉంది కాబట్టి ఇప్పటికి ఇది వేరే కోట. మీ సైనికుణ్ని అందులో నిలబెట్టండి. తర్వాత ఎప్పుడో ఎడమవైపూ కిందివైపూ కలిపే కోట టైల్ ఒకటి మీకు దొరికితే, ఆ ఖాళీ గడిలో పెడతారు, రెండు కోటలూ ఒకటైపోతాయి. ఇప్పుడు అందులో అక్క మనిషి ఒకడు, మీ మనిషి ఒకడు. ఇంకో పక్కనుంచి ఇంకొకర్ని కూడా తెచ్చారంటే కోట మొత్తం మీదే.

ఇక్కడ టైల్స్ లెక్క తెలిసినవాళ్లకు పెద్ద లాభం ఉంది. పక్కపక్క రెండు అంచుల్ని, అంటే మూలగా, కలిపే కోట టైల్స్ పది ఉన్నాయి. ఎదురెదురు అంచుల్ని సూటిగా కలిపేవి మూడే. మూడు వైపులా కోట ఉన్నవి ఏడు, నాలుగు వైపులా కోటే ఉన్నది ఒకటి, ఇవి రెండు రకాలకూ పనికొస్తాయి కానీ మిగతా పక్కలు కూడా కుదరాలి. అందుకే ఎదురుగా పెట్టడం కంటే మూలగా పెట్టి కలపడమే మేలు. ఇక అక్క వైపు నుంచి చూస్తే, ఆమె ఊరికే చూస్తూ కూర్చోనక్కర్లేదు. పక్కపక్క అంచుల్లో కోటలుండి కూడా అవి విడివిడిగా ఉండే టైల్స్ రెండున్నాయి. అది దొరికితే ఆ ఖాళీ గడిలో పెట్టేస్తుంది. ఆమె కోట ఆమెదే, మీ కోట మీదే, మధ్యలో గోడ.

ఏ టైల్ ఉంది, ఏ టైల్ అసలు లేదు

మొత్తం బట్టీ పట్టక్కర్లేదు, కొన్ని గుర్తుంటే చాలు. నాలుగు రోడ్లు కలిసే కూడలి ఒక్కటే ఉంది. మూడు రోడ్ల కూడలి నాలుగు, వాటికి తోడు పైన కోట ముక్క ఉన్న మూడు రోడ్ల కూడళ్లు ఇంకో మూడు. మలుపు రోడ్లు తొమ్మిది, తిన్నని రోడ్లు ఎనిమిది, ఇవి అన్నిటికంటే ఎక్కువ. ఒక్క పక్క రోడ్డు, మిగతా మూడు పక్కలా పొలం కావాల్సిన గడి ఉందంటే, దాన్ని నింపగలిగేవి రోడ్డున్న రెండు మఠాలే. ఆ రెండూ అప్పటికే పడిపోయి ఉంటే ఆ గడి ఇక నిండదు.

ఒక పక్క కోట, ఒక పక్క రోడ్డు, మిగతా రెండు పక్కలా పొలం ఉన్న టైల్ ఈ డబ్బాలో లేనే లేదు. కోట, దాంతోపాటు రోడ్డు ఉన్న ఏ టైల్‌లోనైనా రోడ్డు ఇంకో పక్కకు కూడా వెళ్తుంది, లేదంటే మూడు వైపులా కోట ఉంటుంది. కాబట్టి ఒకరి కోట పక్కన ఖాళీ గడిని మీరు చుట్టూ టైల్స్ పెట్టి ఈ ఆకారానికి తెచ్చారంటే, ఆ కోట ఆట అయ్యేదాకా మూసుకోదు, అందులో ఉన్న మనిషి బయటికి రాడు. పెద్దవాళ్లు పెద్దవాళ్లతో ఆడేటప్పుడు ఇది చాలా పదునైన ఎత్తు. ఎనిమిదేళ్ల పిల్లాడి మీద మాత్రం వాడకండి. వాడు అంతసేపు కట్టుకున్న కోటను బిగించేస్తే ఇంకోసారి ఆటకు రాడు. పిల్లలున్న ఆటలో "ఎవరి కోటనూ కావాలని బిగించకూడదు" అని ముందే అనుకుని మొదలుపెట్టడం మంచిది, అది రూల్స్‌లో లేకపోయినా.

రైతులు

మొదటి రెండు మూడు ఆటలు రైతులు లేకుండానే ఆడండి. కొత్త రూల్స్ పుస్తకంలో కూడా దీన్ని అదనపు రూల్ లాగానే విడిగా ఇచ్చారు. అందరికీ చెయ్యి తిరిగాక కలపండి, కానీ కలపకుండా మాత్రం ఉండకండి, ఎందుకంటే రైతులు వచ్చాకే ఆట నిజంగా లోతెక్కుతుంది.

రైతును పొలంలో పడుకోబెట్టాలి, ఆట అయ్యేదాకా లేవడు. చివర్లో ఆ పొలం తాకుతున్న, పూర్తయిన ప్రతి కోటకు 3 పాయింట్లు. ఆ కోట ఎవరిదన్నది అనవసరం, ఎంత పెద్దదన్నదీ అనవసరం. పాత ఎడిషన్లలో ఈ లెక్క కొంచెం వేరుగా ఉండేది, మీ దగ్గర పాత డబ్బా ఉంటే ఏ లెక్కతో ఆడాలో ముందే తేల్చుకోండి.

కష్టమంతా ఒక పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడటంలో ఉంది. రోడ్లు, కోట గోడలు పొలాల్ని విడదీస్తాయి. మొదలుపెట్టే టైల్‌నే చూడండి. రోడ్డుకు పైన ఉన్న సన్నటి పొలం కోటను తాకుతోంది, రోడ్డుకు కింద ఉన్న పెద్ద పొలం తాకడం లేదు. రెండూ ఒకే టైల్‌లో ఉన్నా వేర్వేరు పొలాలు. కింద పడుకున్న రైతుకు ఆ కోట పాయింట్లు రావు, ఎక్కడో ఒకచోట రోడ్డు ఆగిపోయి, దాని చివరను చుట్టి రెండు పొలాలూ కలిస్తే తప్ప. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు వేలితో పొలం మీద నడిపించండి, రోడ్డు దాటకుండా, గోడ ఎక్కకుండా వేలు ఎక్కడిదాకా వెళ్తే అంతా ఒకే పొలం.

రైతును ఎప్పుడు పెట్టాలి అనేదానికి ఒక్క జవాబు లేదు. మొదట్లోనే పెడితే మధ్యలో ఉన్న మంచి పొలం మీదవుతుంది, కానీ ఆరుగురితోనే మిగతా ఆటంతా లాగాలి. ఆలస్యం చేస్తే ఆ పొలం ఇంకొకరిదవుతుంది. ఆటలో మూడింట ఒక భాగం గడిచేలోగా ఒకర్ని పెట్టడం నా పద్ధతి, అదీ నడుమ, కోటలు లేస్తున్నచోట. ఐదు కోటలు తాకే పొలమైతే ఒక్క మనిషితో 15 పాయింట్లు, అది చాలా కోటలకంటే ఎక్కువ. అయితే పొలాల్లో కూడా కోటల్లోలాగే ఎక్కువమంది ఉన్నవాళ్లకే మొత్తం పాయింట్లు. పక్క పొలంలో రైతును పడుకోబెట్టి తర్వాత కలిపేయడం ఇక్కడా కుదురుతుంది, ఒక రోడ్డును అడ్డంగా లాగి ఆ కలయికను ఆపేయడమూ కుదురుతుంది. చివరి పది టైల్స్‌లో అసలు టెన్షన్ దీని గురించే ఉంటుంది.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, ఎంతమంది

డబ్బా మీద ఇద్దరి నుంచి ఐదుగురి దాకా అని ఉంటుంది. ఇద్దరైతే చదరంగమంత పట్టుదలగా సాగుతుంది, తలా 35 టైల్స్ పైనే వస్తాయి, వేసే ప్రతి టైల్ ఎదుటివాళ్లకు తగులుతుంది. ఇంట్లో ఆడటానికి ముగ్గురు, నలుగురు సరిగ్గా సరిపోతారు. ఐదుగురైతే ఒక్కొక్కరికి 14 వంతులే, వంతుకూ వంతుకూ మధ్య పిల్లలు లేచి వెళ్లిపోతారు. దానికి ఒక చిన్న మార్పు బాగా పనిచేస్తుంది. వంతు అయిపోగానే తర్వాతి టైల్‌ను అప్పుడే తీసుకుని చేతిలో పెట్టుకోనివ్వండి. మిగతావాళ్లు ఆడేలోగా ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుంటారు, ఆట వేగం పెరుగుతుంది, పెద్దవాళ్లకు కూడా తొందర ఉండదు. ఇంకొకటి, పిల్లలు టైల్ ఎక్కడ పెట్టాలో అడిగితే చోటు చూపించకండి, "ఎవరి మనిషి ఎక్కడున్నాడో ఒకసారి చూడు" అనండి చాలు.

నాలుగైదేళ్ల పిల్లలకు ఈ ఆట కొంచెం ఎక్కువే. వాళ్ల కోసం 'మై ఫస్ట్ కార్కసోన్' అని వేరే డబ్బా వస్తుంది. అందులో పాయింట్లుండవు, ప్రతి టైల్ ప్రతి టైల్‌కూ పడుతుంది, తన ఎనిమిది మందినీ ముందు పెట్టేసినవాళ్లు గెలుస్తారు. అది ఆడిన పిల్లలు పెద్ద ఆటలోకి చాలా తేలిగ్గా వచ్చేస్తారు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో, అమ్మానాన్నలు విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న ఇళ్లకు ఇంకో దారి ఉంది. బోర్డ్ గేమ్ అరీనా అనే సైట్‌లో ఈ ఆట ఉంది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వంతు వేసి వదిలేయొచ్చు. వేళలు కుదరని కుటుంబాలకు ఇది చాలా మంచిది, మాట్లాడుకోవడానికి రోజూ ఒక కబురు దొరుకుతుంది. అక్కడ టైల్ ఎక్కడ పడుతుందో అదే చూపిస్తుంది, పాయింట్లు కూడా అదే లెక్కపెడుతుంది, కాబట్టి రూల్స్ నేర్చుకోవడానికి కూడా పనికొస్తుంది.

చివరి లెక్క

ఆఖరి టైల్ పడి, ఆ వంతు పాయింట్లు రాసుకున్నాక ఆట ఆగుతుంది. అక్కడే గొడవలు వస్తాయి కాబట్టి నెమ్మదిగా, అందరూ చూస్తుండగా లెక్కపెట్టండి. ముందు పూర్తికాని రోడ్లు, తర్వాత పూర్తికాని కోటలు, తర్వాత మఠాలు. ఒక్కోటి లెక్కపెట్టగానే ఆ మనిషిని టైల్ మీదనుంచి తీసేయండి, అలా చేస్తే చివరికి బోర్డు మీద పడుకున్న రైతులే మిగులుతారు, పొలాలు స్పష్టంగా కనిపిస్తాయి. పొలం లెక్కపెట్టేటప్పుడు పూర్తయిన ఒక్కో కోట మీద ఒక వేరుశనగ గింజో, శనగ గింజో పెట్టుకుంటూ వెళ్తే రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉండదు. ఒకే కోటను రెండు వేర్వేరు పొలాలు తాకుతుంటే రెండు పొలాలవాళ్లకూ 3 చొప్పున వస్తాయి, అది సరైనదే. పాయింట్ల బోర్డు 50 దగ్గర ఒక చుట్టు పూర్తవుతుంది, ఎవరు చుట్టు దాటారో ముందునుంచీ గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే చివర్లో ఎవరూ ఒప్పుకోరు.

ఇంట్లో అందరికీ ఆట వచ్చేశాక ముందుగా నది కలపండి. 12 టైల్స్, ఊట దగ్గర మొదలై చెరువులో ఆగుతాయి, ఆట మొదట్లోనే నేల విశాలంగా పరుచుకుంటుంది కాబట్టి అందరికీ చోటు దొరుకుతుంది. నది మీద మనిషిని పెట్టకూడదు, ఆ టైల్స్ మీదున్న రోడ్డు, కోట, పొలం మీద పెట్టొచ్చు. నది వరసగా ఒకే పక్కకు రెండుసార్లు మలుపు తిరిగి వెనక్కి రాకూడదు. ఆ తర్వాత కొనాలనిపిస్తే 'ఇన్స్ అండ్ కెథీడ్రల్స్' ఒక్కటి కొనండి. ఆడే ఆరోవాళ్లకు కూడా రంగు వస్తుంది, ఒకడే ఇద్దరితో సమానమయ్యే పెద్ద మనిషి వస్తాడు, పూర్తయితే టైల్‌కు 3 పాయింట్లు, పూర్తికాకపోతే సున్నా అయిపోయే పెద్ద చర్చి కోటలు వస్తాయి. ఇంకా చాలా డబ్బాలున్నాయి కానీ అన్నీ కలిపేస్తే ఆట గంటలకొద్దీ సాగుతుంది, కొత్త రూల్ అడిగినప్పుడల్లా పుస్తకం తెరవాల్సి వస్తుంది, పెద్దవాళ్లు మెల్లగా పక్కకు తప్పుకుంటారు. మొదటి డబ్బాతోనే కనీసం ఒక వేసవి సెలవులు పూర్తిగా ఆడుకోండి.